నడుమ నిలిచి చూచేవాడు

క్రిందటి సంక్రాంతి సెలవులలో పనిమీద మేము వేంసూరు వెళ్ళవలసి వచ్చినది. సత్తుపల్లి దాటిన తరువాత దారికి ఇరుప్రక్కల మామిడితోటలు, పామాయిలు తోటలు ఒకదాని వెంట ఒకటి వస్తూ ఉంటవి. ఊరు చేరేసరికి పొద్దు వాలినది. పంట తీసిన ఒక చేనులో పదిహేనుమంది పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకొంటున్నారు. గోలుకు గుర్తుగా రెండువైపులా చెప్పులజోళ్ళు పెట్టుకొన్నారు. బంతి ఎటుపోతే పిల్లలందరూ అటే. తేనెటీగలు కదిలినట్లు ఒక్క గుంపుగా పరుగెత్తుతున్నారు. ఒక్క కుర్రవాడు మాత్రం ఆ గుంపులో లేడు. చేను నడుమ నిలబడి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తల త్రిప్పి చూస్తున్నాడు.

గట్టుమీద కూర్చున్న పెద్దాయన ఒకరు మాతో అన్నారు: "వాణ్ణి చూడండి సారూ, అందరూ ఉరుకుతుంటే వాడు నడిమిట్ల నిలబడి దిక్కులు చూస్తుండు. వాడికి ఆట రాదు."

మేము పది నిమిషాలు ఆ కుర్రవానినే గమనించినాము. బంతి వానిదగ్గరకు నాలుగుసార్లు వచ్చినది. నాలుగుసార్లూ దానిని తనవద్ద ఉంచుకోలేదు. గుంపుకు దూరంగా, ఎవరూ లేనిచోట ఒంటరిగా ఉన్న తనవానికి అందించినాడు. ఆ నాలుగింటిలో రెండు గోలులైనవి. గోలు కొట్టినవానిని అందరూ భుజాలమీద ఎత్తుకొన్నారు. ఈ కుర్రవాడు మరల నడుమకు పోయి నిలబడి చూడసాగినాడు.

పెద్దాయన మాట తప్పని ఆ క్షణాన చెప్పలేకపోయినాము. నేటి ఈ ప్రసంగం ఆయనకు మేము ఇవ్వవలసిన సమాధానం.

ఫుట్‌బాల్ జట్టులో పదకొండుమంది. గోలు కాచేవాడు ఒకడు, అతనిముందు రక్షకులు, చివర గోలు కొట్టే ఫార్వర్డులు. ఈ రెండు వరుసల నడుమ నిలిచి, వెనుకనుండి వచ్చిన బంతిని ముందుకు చేర్చేవారిని పూర్వం హాఫ్ బ్యాక్‌లనేవారు, ఇప్పుడు మిడ్‌ఫీల్డర్లంటున్నారు. వీరు కొట్టే గోలులు తక్కువ, వీరికి దక్కే చప్పట్లు అంతకంటె తక్కువ. కాని వీరు ఆటకు ముఖం ఒకవైపే పెట్టి నిలబడడానికి వీలులేదు. బంతి కాలికి తగులకముందే, దానిని ఎవరికి ఇవ్వవలెనో కన్ను తీర్మానించి ఉండవలెను. ఆటనంతటినీ ఒక్కసారిగా చూడగలగడమే వీరి విద్య. కాళ్ళు అలసి ఆట మానుకొన్న తరువాత కూడ ఆ చూపు అలసిపోదు. అందుచేతనే మిడ్‌ఫీల్డర్లలో పలువురు తరువాత మంచి కోచ్‌లు కాగలిగినారు.

ఇందుకు స్పెయిన్ దేశపు గార్డియోలా పేరు లోకమంతా చెప్పుకొంటుంది. 1971లో కాటలోనియాలోని సాంట్‌పెడోర్ అనే చిన్న ఊరిలో పుట్టినవాడాయన. బక్కపలచని మనిషి, పరుగులో వేగం లేదు, దెబ్బకు దెబ్బ ఇచ్చే కండబలమూ లేదు. అయినా బార్సిలోనా జట్టుకు శిక్షకుడైన యోహాన్ క్రైఫ్ ఆ కుర్రవానినే మైదానం నడుమ నిలబెట్టినాడు. 1992లో ఆ జట్టు మొదటిసారిగా యూరోపియన్ కప్పు గెలిచినది. ఆ ఏడే స్పెయిన్ ఒలింపిక్ స్వర్ణం గెలిచినది. రెండింటిలోనూ ఆయన ఉన్నాడు. 2008లో అదే బార్సిలోనాకు కోచ్ అయి, 2009 అనే ఒక్క సంవత్సరంలో ఆరు కప్పులు ఇంటికి తెచ్చినాడు. బక్కవానిని నడుమ నిలబెట్టిన గురువు ఒకడు లేకపోతే ఈ కథ మొదలయ్యేదే కాదు.

ఇటువంటి గురువు కథ స్పెయిన్‌కే పరిమితమైనది కాదు. మన హైదరాబాదులో అంతకు ఎంతోకాలం క్రిందటే జరిగినది. అందులో గురువు తండ్రి, శిష్యుడు కుమారుడు. తండ్రి పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. కుమారుని పేరు సయ్యద్ షాహిద్ హకీమ్.

రహీమ్ గారు 1909లో హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులైనారు. విశ్వవిద్యాలయపు జట్టులోను, నగరంలోని జట్లలోను ఆడినారు. ఆయనకు జీవనోపాధి మాత్రం బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పిల్లలకు పాఠాలు చెప్పినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. మైదానంలో కూడ ఆయన చివరివరకు బడిపంతులుగానే ఉన్నారు. ఆయన గొప్పతనం తెలియడానికి ఈ ఒక్కమాట చాలు.

బడిలో పంతులు ఏమి చేస్తాడు? పిల్లవానికి రాని లెక్కనే మరల మరల చేయిస్తాడు. రహీమ్ గారు పెట్టిన పోటీలు చూడండి. ఒక పోటీలో బంతిని కాలిదగ్గర ఉంచుకొని తీసుకొనిపోవడం నిషిద్ధం. అందిన వెంటనే ఇంకొకరికి ఇవ్వవలసినదే. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీ ఇంకొకటి. మొదటిదానిలో తన చలాకీతనం చూపుకొందామనుకొనే కుర్రవానికి ఆట లేదు. తోటివాడెక్కడ ఉన్నాడో తల ఎత్తి చూచేవానికే ఆట. రెండవదానిలో ప్రతివాడూ తన లోపంతో ముఖాముఖి నిలబడవలెను. ఇవి ఖర్చులేని పాఠాలు. ఒక బంతి, ఒక ఖాళీ జాగా, ఒక నియమం ఉంటే చాలును.

ఫలితం త్వరలోనే కనిపించినది. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును సిటీ పోలీసు జట్టు గెలిచినది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చినది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే మాట దేశంలో వాడుక; ఆ మాటప్రక్కన హైదరాబాదు పేరును కూడ చేర్చినది ఆ కానిస్టేబుళ్ళ జట్టు.

దేశపు జట్టు బాధ్యత కూడ రహీమ్ గారి చేతికి వచ్చినది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ క్రీడలలో మనవారు ఇరాన్‌ను ఒక గోలుతో ఓడించి స్వర్ణం గెలిచినారు. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనలను పది గోలులకు ఒక గోలుతో ఓడించినది. మనవారిలో పలువురు ఆనాడు బూట్లు లేకుండా ఉత్తకాళ్ళతో ఆడినారు. మన వేడినేలమీద అది ఒక నేర్పు. ఉత్తరదేశపు చలిలో, తడిసిన గడ్డిమీద అది నిలువలేదు. ఆ దెబ్బ తరువాతనే మనదేశంలో బూట్లు తప్పనిసరి అయినవి.

ఆ హెల్సింకీలోనే హంగరీ జట్టు స్వర్ణం గెలిచినది. గోలుముందు నిలబడవలసిన ఫార్వర్డు నాలుగడుగులు వెనుకకు, మైదానం నడుమకు వచ్చి ఆటను నడపడం వారి పద్ధతి. ఇటువంటి కొత్త పాఠాన్ని మనదేశానికి తెచ్చుకొన్నవారు రహీమ్ గారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అనే వరుసను 1958లో బ్రెజిల్ లోకప్రసిద్ధం చేసినది. దానికి దగ్గరి పోలికగల పద్ధతిని అంతకుముందే రహీమ్ గారి జట్టు ఆడుచుండినది. పది గోలుల ఓటమి నుండి పంతులు గారు తీసిన పాఠమిది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ పాఠం పరీక్షకు నిలిచినది. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను మనవారు నాలుగు గోలులకు రెండుతో ఓడించినారు. అందులో మూడు గోలులు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఏషియా జట్టు మనదే అయినది. అక్కడ యుగోస్లావియా చేతిలోను, కాంస్యపతకపు ఆటలో బల్గేరియా చేతిలోను ఓడి నాల్గవ స్థానంలో నిలిచినాము. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలైన హైదరాబాదు ఆటగాండ్రు ఉన్నారు.

వీరిలో తులసీదాస్ బలరాం గురించి ఒకమాట చెప్పవలెను. ఆయన సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ వాసి, పేదయింటి బిడ్డ. రహీమ్ గారి కంట పడినాడు, శిక్షణకు రమ్మన్నారు. నగరానికి వచ్చిపోయే ఖర్చు పెట్టుకొనే తాహతు ఆ ఇంటికి లేదు. సైకిలు అద్దెకు తీసుకొని రమ్మని రహీమ్ గారే డబ్బు ఇచ్చినారని బలరాం పెద్దవాడైన తరువాత కూడ చెప్పుకొనేవారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడు మెల్బోర్న్‌లోను, రోములోను ఆడినాడు. రోములో హంగరీపైన, పెరూపైన గోలులు కొట్టినాడు. ప్రతిభను చూడడం ఒక విద్య. చూచిన తరువాత దానికి సైకిలు అద్దె ఇవ్వడం వేరొక విద్య. గురువుకు రెండూ ఉండవలెను.

ఇక కుమారుని కథకు వద్దాము.

షాహిద్ హకీమ్ 1939లో పుట్టినారు. హైదరాబాదులో ఆట నేర్చుకొని మిడ్‌ఫీల్డర్‌గా పేరు తెచ్చుకొన్నారు. 1960లో రోము ఒలింపిక్స్‌కు ఎంపికైన జట్టులో ఆయన పేరున్నది. అప్పుడాయనకు ఇరవై ఒక్క సంవత్సరాలు. జట్టుకు శిక్షకులు తండ్రి రహీమ్ గారే.

రోములో మనవారు మూడు ఆటలు ఆడినారు. హంగరీ చేతిలో ఒకటికి రెండుతో ఓడినారు. ఫ్రాన్సుతో ఒకటికి ఒకటిగా సమం చేసినారు. పెరూ చేతిలో ఒకటికి మూడుతో ఓడినారు. ఈ మూడు ఆటలలో ఒక్కదానిలో కూడ హకీమ్ మైదానంలో కాలుపెట్టలేదు. నడుమ స్థానాలలో కెంపయ్య, రామ్ బహదూర్ వంటివారు నిలిచినారు. ఆట సాగుతుండగా ఒకరికి బదులు మరొకరిని దింపే పద్ధతి ఆ ఒలింపిక్స్‌లో లేదు. మొదటి పదకొండుమందిలో చేరనివాడు ప్రక్కన కూర్చుండి చూడవలసినదే.

శ్రోతలు ఆ దృశ్యాన్ని ఒకసారి తలచుకోవలెనని మా కోరిక. పరదేశం, ఒలింపిక్ మైదానం. ఇరవై ఒక్క ఏండ్ల కుర్రవాడు బల్లమీద కూర్చున్నాడు. తనకు స్థానం ఇచ్చే అధికారం ఉన్నవాడు తన కన్నతండ్రి. ఒకమాట చాలు; ఒలింపిక్ మైదానంలో ఆడినవాడనే పేరు జన్మకంతటికీ దక్కుతుంది. తండ్రి ఆ మాట అనలేదు. రెండేండ్ల తరువాత జకార్తా వెళ్ళిన జట్టులో హకీమ్ లేనే లేరు.

మన ఇండ్లలో ఇటువంటి తండ్రిని మెచ్చుకొనేవారు కొందరు, కఠినుడనేవారు కొందరు ఉంటారు. రెండు మాటలకూ చోటున్నదని మేమనుకొంటాము. కొడుకుకు ఆడవలెనని ఉండదా? తండ్రికి చూడవలెనని ఉండదా? కాని జట్టు అనేది ఇంటి ఆస్తి కాదు. పంతులుగారి కొడుకు కూడ ఆ బడిలోనే చదువుతున్నాడనుకోండి. వాని దిద్దుబాటు కాగితంమీద ఎఱ్ఱసిరా ఒక్క చుక్క తగ్గినా, మిగిలిన నలభైమంది పిల్లలకు ఆ పంతులు మీద నమ్మకం పోతుంది.

ఆ నమ్మకపు బలమెంతో 1962లో జకార్తాలో తెలిసినది. రహీమ్ గారు అప్పటికే క్యాన్సరు వ్యాధితో బాధపడుచున్నారు. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని మన క్రీడాధికారి సోంధీ గారు ప్రశ్నించినందున ఆ నగరంలో భారతదేశంపై ఆగ్రహం చెలరేగినది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోలులతో ఓడినాము. తరువాత థాయిలాండును, జపానును గెలిచి, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను రెండుకు మూడుతో దాటి, సెప్టెంబరు 4వ తేదీన మరల ఆ కొరియాకే ఎదురుగా నిలబడినాము.

రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. అటువంటివానిని రహీమ్ గారు వెనుక నిలబెట్టక, ముందుకు తెచ్చి గోలు కొట్టే స్థానంలో ఉంచినారు. స్టేడియం నిండిన జనం మన జట్టును ఎగతాళి చేయుచుండగా ఆట మొదలైనది. తొలి ఇరవై నిమిషాలలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ కుట్లతలతోనే జర్నైల్ సింగ్ ఒక గోలు చేసినారు. కొరియా చివరలో ఒకటి తిరిగి ఇచ్చినా, స్వర్ణం మనదే అయినది. ఆ జట్టులో మన హైదరాబాదు గడ్డమీద ఆట నేర్చిన బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. పంతులుగారి కొడుకు మాత్రం లేడు. తొమ్మిది నెలలు గడిచిన తరువాత, 1963 జూన్ 11న రహీమ్ గారు కన్నుమూసినారు. అప్పటికి ఆయనకు 53 ఏండ్లు.

తండ్రి పోయినాడు. బల్లమీద కూర్చున్న కొడుకు ఏమైనాడు?

హకీమ్ గారు వైమానికదళంలో ఉద్యోగం చేసి స్క్వాడ్రన్ లీడరు అయినారు. ఆటను విడువలేదు. రిఫరీ అయి, అంతర్జాతీయ సమాఖ్య గుర్తింపు పొంది, విదేశపు జట్ల ఆటలకు కూడ తీర్పరిగా నిలిచినారు. 1982 ఢిల్లీ ఏషియన్ క్రీడలలో, తండ్రి శిష్యుడైన పి.కె. బెనర్జీ మన జట్టుకు శిక్షకుడు కాగా, ఆయనకు సహాయకునిగా పనిచేసినారు. 1998లో బొంబాయికి చెందిన మహీంద్రా జట్టుకు కోచ్‌గా ఉండి, పేరుమోసిన ఈస్ట్ బెంగాల్‌ను మించి డ్యూరాండ్ కప్పు గెలిపించినారు. తండ్రి జట్టు 1950లో అందుకొన్న ఆ కప్పునే, నలభై ఎనిమిదేండ్ల తరువాత కొడుకు జట్టు అందుకొన్నది.

2017లో పదునేడేండ్లలోపు బాలుర ప్రపంచకప్పు మనదేశంలో జరిగినది. దానికోసం దేశంలో మూలమూలల దాగిన బాలురను వెదకే కార్యక్రమానికి బాధ్యత వహించినవారిలో హకీమ్ గారు ఒకరు. డెబ్బయ్యేండ్లు దాటిన మనిషి, ఎవరి కంటికీ ఆనని కుర్రవాండ్ల ఆటను గట్టుమీద కూర్చుండి చూచే పనికి పూనుకొన్నారు. ఆ ఏడే భారత ప్రభుత్వం ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చినది. 2021 ఆగస్టులో ఆయన మరణించినారు.

తండ్రికి మాత్రం శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం అందలేదు. అది 1985లో మొదలైనది. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేండ్లు. అది అందుకొన్నవారిలో ఒకరు, 1970 బ్యాంకాక్ క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడైన హైదరాబాదు వాసి నయీముద్దీన్. ఆయనకు 1990లో వచ్చినది. 2024లో రహీమ్ గారి జీవితంపై హిందీలో ‘మైదాన్’ అనే చలనచిత్రం వచ్చినది. దానితో ఆయన పేరు తెలియని ఇండ్లలో కూడ తెలిసినది.

కాని పేరు తెలియడం వేరు, పని నిలవడం వేరు. జకార్తా తరువాత ఏషియన్ క్రీడలలో మనకు ఫుట్‌బాల్ స్వర్ణం రాలేదు. 1970 నాటి ఆ కాంస్యమే చివరి పతకం. 2023లో హాంగ్‌జౌలో జరిగిన క్రీడలవరకు మరొకటి లేదు. ఒలింపిక్ మైదానంలో మన ఫుట్‌బాల్ జట్టు చివరిసారి కనిపించినది 1960లో, ఆ రోములోనే. కారణాలు ఎన్నో చెప్పవచ్చును: డబ్బు, మైదానాలు, క్రికెట్టు మోజు. ఇవన్నీ నిజమే. అయితే ఉత్తకాళ్ళతో ఆడిన జట్టును నాలుగేండ్లలో ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేర్చినది డబ్బు కాదు గదా! ఎడమకాలితో ఆడుమని నియమం పెట్టిన ఒక పంతులు, సైకిలు అద్దె ఇచ్చిన ఒక చెయ్యి, కన్నకొడుకును కూడ కూర్చోబెట్టగలిగిన ఒక మనసు.

హకీమ్ గారి జీవితాన్ని తలచుకొన్నప్పుడు మాకు తోచేదేమంటే, రోములో తండ్రి ఆయనకు ఇవ్వనిది ఒక స్థానం మాత్రమే. చూచే విద్యను ఇవ్వకపోలేదు. నడుమ నిలిచి ఆడినవాడు, ప్రక్కన కూర్చుండి చూచినాడు, ఈలపట్టి తీర్పు చెప్పినాడు, జట్టును నడిపినాడు, చివరకు ఊరూరా పిల్లలను వెదకే పనిలో నిలిచినాడు. ఈ పనులన్నిటికీ మూలం ఆ ఒక్క చూపే.

వేంసూరు చేనులో ఆట ముగిసిన తరువాత ఆ కుర్రవానిని పిలిచి, ఈ ఆట ఎవరు నేర్పినారని అడిగినాము. "ఎవరూ లేరు సార్, ఫోనులో చూసి నేర్చుకున్నం" అన్నాడు. ఫోను ఆటను చూపగలదు. కాని నీకు ఎడమకాలు సరిగా ఆడడంలేదురా అని అది చెప్పలేదు. నడుమ నిలబడి దిక్కులు చూస్తున్నవాడు ఏమి చూస్తున్నాడో అది గ్రహించలేదు. అందుకు గట్టుమీద ఒక మనిషి కూర్చుండవలెను.

ఈ ప్రసంగం వినే ఇండ్లలో బడిపంతుళ్ళున్నారు, ఆడి మానుకొన్న అన్నలున్నారు, పింఛను తీసుకొంటున్న పెద్దలున్నారు. సాయంకాలం ఒక గంటసేపు ఊరి పిల్లలు ఆడేచోటికి పోయి కూర్చుండండి. గోలు కొట్టినవానిని అందరూ చూస్తారు. వానికి బంతి ఎక్కడినుండి వచ్చినదో మీరు చూడండి. వేంసూరు పెద్దాయనకు కూడ మా మనవి ఇదే: ఆ కుర్రవాడు దిక్కులు చూడడంలేదు, ఆట చూస్తున్నాడు. మీరు వానిని చూస్తూ ఉండండి.